నాలుగో నంబరు పెట్టె

"ఏడిసేదానికి నీకీ టైం లే, నాకీ లే. మూడు గంటకి కోర్టు. ఇబ్బుడు తొమ్మిది నలబై. కండ్లు తుడుసుకొని అడిగినదానికి జవాబు చెప్పు."

పట్టమ్మాళ్ ఆ మాట కసురుకుంటూనే అంది. ఇరవై ఆరేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, ఎస్సైగా దిగిపోయి, ఇప్పుడు కోవిల్‌పట్టిలో ఒక వేరుశనగ మిఠాయి దుకాణం మేడమీద డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్న మనిషి ఆమె. జాలి లేక కాదు. జాలిపడితే ప్రశ్నలు మెత్తబడతాయని ఆమె నమ్మకం.

కటకటాల అవతల ఇరుళప్పన్ చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. విరుదునగర్ జైల్లో లాయరు సంతకంతో ఆమెకు దొరికింది పావుగంట. పక్కనే నిలబడ్డ వార్డరు తమిళంలో మాట్లాడమని రెండుసార్లు గదిమాడు. ఇద్దరూ మాట చివర నొక్కి చెప్పే తమిళ 'దా' కలిసిన ఇంటి తెలుగు వదలకపోయేసరికి విసుగొచ్చి అటు తిరిగాడు.

కేసు మామూలుది కాదు. విరుదునగర్ మిరపకాయల ఏసీ గోడౌన్‌లో ఇరుళప్పన్ మూటలు మోసేవాడు. అతని అక్క గురువమ్మాళ్ కూతురు మునీశ్వరి, ఇరవై ఆరేళ్ళ పిల్ల, అక్కడే మూటల చీటీలు స్కాన్ చేసేది. నెల కిందట ఒక శనివారం మధ్యాహ్నం ఆ పిల్ల లోపలుండగా నాలుగో గది తలుపు మూసుకుంది. ఇంట్లోవాళ్ళు రెండు రాత్రులు ఊరంతా వెతికారు, ఆ గది ఎవరికీ తోచలేదు. సోమవారం ఉదయం తెరిచారు. లోపల నాలుగు డిగ్రీల చలి. లోపలినుంచి తలుపు తెరిచే పిడిని ఎవరో ముందే ఊడదీశారు. చచ్చిపోయిన ఫోనుకు పోలీసులు ఛార్జింగ్ పెట్టి చూస్తే నలభై మూడు కాల్స్ ఉన్నాయి, ఒక్కటీ బయటికి పోలేదు. మొదటిది రెండూ యాభై రెండుకు. అది మేనమామ ఇరుళప్పన్‌కే.

ఆ మేనమామే తలుపు మూశాడని ఇప్పుడు పోలీసుల మాట.

"ఆ దినం రెండుంపావు మొదులుకొని యాడ ఉంటివి?"

"కూడు తినే బెంచీ కాడ అమ్మా. గేటు పక్కన. మూడు గంట దాకా ఆడనేదా ఉంటిని."

"రెండూ ఇరవై అయిదు నుంచి యాబై దాకా నీ ఫోను నాలుగో గది వైఫై పట్టుకొని ఉండాది. కంప్యూటర్ చెప్తా ఉండాది."

"కంప్యూటర్‌కి నేనేం చెప్పేది? నేను పోలే. సత్యంగా పోలే."

"బెంచీ కాడ ఏం చేస్తివి?"

"కూడు తింటిని. ఆమీద అక్కకి ఫోన్ చేస్తిని, వైఫైలోనే. శనివారం తీపెట్టి ఆఫీసులో అరపూటదా, అక్క ఇంటికి వచ్చి ఉండె. పదిహేను నిమిషం మాట్లాడి ఉందుము. నడువులో ఒకసారి తెగె. అలో అలో అంటిని, మళ్ళా వచ్చె."

తీపెట్టి ఆఫీసంటే కోవిల్‌పట్టి వాళ్ళ లెక్కలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ. గురువమ్మాళ్ అందులో పుల్లలు అద్దే చోట పని చేస్తుంది. పట్టమ్మాళ్ ఆ 'నడువులో తెగె', మధ్యలో తెగింది, అన్న మాట కింద తన నోటుబుక్కులో గీత గీసింది.

"ఏం మాట్లాడితిరి?"

ఇరుళప్పన్ వార్డరు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మునీశ్వరి గురించిదా. నాలుగో గది మూటల్లో మిరపకాయికి రంగు పూసి ఉండారని ఆ బిడ్డ కనిపెట్టింది. చెయ్యి కడిగితే నీళ్ళు ఎర్రగా పోతాయంట. మేనేజర్ మురుగేశన్‌ని సోమవారమే ఒకసారి అడిగితే దాటేసినాడంట, మళ్ళా నేరుగా అడుగుతాను అని ఉండాది. అక్కకి బయం. నువ్వు చెప్పి ఆపురా అనె. సరే అని ఫోను పెట్టి లేచి చూస్తిని. గది తలుపు మూసి ఉండె. తలుపు కాడ ఆ బిడ్డ చెప్పులు లే."

"చెప్పులు లేకుంటే?"

"లోపల ఎవురూ లేరు అని అర్తం అమ్మా. మిరపకాయి లచ్చిమి, చెప్పుకాలితో తొక్కరాదు. లోపలికి పోయే వాండ్లు చెప్పులు తలుపు కాడ విడిచేది. తలుపు మూసే వాండ్లు చెప్పులు చూసి మూసేది. చెప్పులు లే. ఇంటికి పోయింది అనుకొంటిని." అతను వేలి కణుపుతో ఊచ మీద తట్టాడు. "ఒక తట్టు తట్టి ఉంటే, అమ్మా. ఊరికే ఒక తట్టు."

పట్టమ్మాళ్ ఈసారి కసరలేదు.

"ఇదంతా ఇన్‌స్పెక్టరుకి చెప్తివా?"

"చెప్తిని. అక్క చెప్పే సాచ్చి తమ్ముడికి ఎట్లా చెల్లును అని నవ్విరి."

"రంగు సంగతి మీ అక్క ఇంక ఎవురికైనా చెప్పిందా?"

"పోయిన వారం గోడౌన్ గేటు కాడికి వచ్చి మురుగేశన్ మొగం ముందరే అరిసిందంట. నా బిడ్డ అంతా నాకి చెప్పిందిరా, కోర్టులో నేను చెప్తాను చూడు అని."

పెన్ను మూస్తున్న పట్టమ్మాళ్ చెయ్యి ఆగిపోయింది. కూతురు పోయిన తల్లి అరవక ఏం చేస్తుంది? కానీ అరవకూడని చోట అరిచింది.

*

పదిన్నరకు ఆమె గోడౌన్ గేటు దగ్గర దిగేసరికి బృంద అక్కడే ఉంది. వత్రాప్ ఊరి పిల్ల, ముప్పై ఏళ్ళుంటాయి. భవనాల లోపల వైఫై ఏ మూలకు ఎంత అందుతుందో కొలిచి రంగుల పటం గీసి ఇవ్వడం ఆమె వృత్తి. పచ్చ అంటే సిగ్నల్ బాగుందని, పసుపు అంటే బలహీనమని, ఎరుపు అంటే లేదని. ఈ గోడౌన్ పటం గీసింది ఆమే. ఆ పచ్చటి పటమే ఇప్పుడు పోలీసు ఫైల్లో ఇరుళప్పన్ మెడకు తాడై కూర్చుంది.

"రాత్రి నాకి నిద్రే లే మేడం," అంది బృంద. "నా మ్యాప్ చూసి ఒక మనిసిని జైల్లో పెట్టినారు అని మీరు చెప్పినప్పటి నుంచి."

"నీ మ్యాప్ తప్పా?"

"తప్పు లే. అయితే అది ఖాళీ గోడౌన్ మ్యాప్. తై నెల, సంక్రాంతి నెల, మొదటి శుక్రవారం పాలు పొంగించాల, ఆ లోపల మ్యాప్ చేతికి రావాల అని ఓనరు ఒకటే పట్టు. ఒక మూట లే, తలుపులన్నీ తెరిచి ఉండె. మూటలు దిగినాక ఇంకోసారి కొలవాల అని రాసి ఇస్తిని. పాలు పొంగె కదా, ఇంక ఏంటికి అనిరి."

"ఇల్లలకగానే పండగ అన్నట్టు," అంది పట్టమ్మాళ్. "రా, ఇబ్బుడు కొలుస్తాము."

లోపలికి అడుగు పెడుతూనే ఇద్దరికీ తుమ్ములొచ్చాయి. గోడౌన్ కట్టుబడి సులువైనదే. గేటు నుంచి నేరుగా నలభై అయిదు మీటర్ల నడవా. దాని చిట్టచివర, గేటుకు ఎదురుగా, నాలుగో గది. ఆ గదికి రెండు తలుపులు. ఇనప బయటి తలుపు దాటితే చిన్న ముందుగది, అందులో గోడకు నాలుగో నంబరు వైఫై పెట్టె. ఆ వెనక ఉక్కు తలుపు, దాని లోపల చలిగది. నడవాకు మధ్యలో కుడివైపు లారీలకు ఎత్తే చోటు, దాని మూలలో మూడో పెట్టె. గేటు పక్కన బెంచీ దగ్గర రెండోది. బయట గేటు స్తంభానికి ఒకటోది.

మొదట పట్టమ్మాళ్ కంటబడింది మాత్రం పెట్టెలు కాదు. గేటు లోపల, ఆఫీసు గది ముందున్న చెప్పుల అర. అందులో రెండు జతల బూట్లు, ఒక జత తోలు చెప్పులు.

"మునీశ్వరి చెప్పులు యాడ దొరికె?" అని ఊడ్చే వెళ్ళైయమ్మాళ్‌ను అడిగింది.

"ఆ అరలోనేదా," అని చీపురుతో చూపించింది ముసలామె. "సోమవారం పొద్దున నేనే చూస్తిని. నీల రంగువి. నాకి అప్పుడే ఇది సరి కాదు అనిపించె."

"ఏంటికి?"

"అది ఆఫీసువాండ్ల అర కదమ్మా. మేము ఆడ విడిస్తే తిడతారు. ముప్పై ఏండ్లుగా గోడౌన్లలో కూలి వేలై చేస్తా ఉండాను, ఒక్క దినం ఆఫీసు అరలో చెప్పు విడవలే. మావి గది తలుపు కాడేదా. ఆ బిడ్డ ఆడ ఏంటికి విడుసును?"

"పోలీసుకి చెప్తివా?"

"నన్ను ఎవురు అడిగిరి?"

పట్టమ్మాళ్ రాసుకుంది. మునీశ్వరి ఇంటికి వెళ్ళిపోయిందని అందరూ అనుకోవాలని ఎవడో ఆ చెప్పుల్ని గది ముందునుంచి తీశాడు. తీసి, రోజూ తన కాళ్ళవి తాను విడిచే చోటే వాటినీ పెట్టాడు. కూలివాళ్ళకైతే చేతికి ఆ అర తోచదు. ఇరుళప్పన్‌కు అసలే తోచదు.

పదకొండు నుంచి బృంద కొలత మొదలైంది. ల్యాప్‌టాప్ ఎడమ చేతి మీద పెట్టుకుని మూడడుగులు వేస్తుంది, ఆగుతుంది, తెరమీద ఒక చుక్క నొక్కుతుంది, మళ్ళీ మూడడుగులు. పట్టమ్మాళ్ గడియారం పట్టుకుని వెంట నడిచింది. బెంచీ దగ్గరికి వచ్చేసరికి బృంద మొహం మారింది. బెంచీకీ రెండో పెట్టెకూ మధ్య మూటలు పన్నెండు వరసల ఎత్తున గోడ కట్టినట్టున్నాయి. గదుల్లో చోటు చాలక రెండు నెలల కిందటే నడవాలోకి వచ్చిన సరుకు.

"రెండో పెట్టె ఈ మూటల వెనక సగం చచ్చిపోయింది మేడం. మ్యాప్‌లో ఈ చోటు పచ్చ. ఇబ్బుడు పసుపు, అదీ అంతంతమాత్రం. చూడండి, నా ఫోను ఏది పట్టుకొని ఉండాదో."

పట్టమ్మాళ్ చూసింది. నాలుగో పెట్టె.

"నలబై అయిదు మీటర్ల అవతలిదా?"

"నేరు గీత కదా. నడువులో అడ్డం లే. ఆ తలుపుకి ఉండే ప్లాస్టిక్ పట్టీల తెర చూపుని ఆపును, సిగ్నల్‌ని ఆపదు. మా పెట్టెలకి మేము పెట్టిన సెట్టింగ్ అట్లాటిది, ఏది బాగా వినబడితే ఫోనుని దానికే తోసును."

పట్టమ్మాళ్ బెంచీ మీద కూర్చుంది. ఇరుళప్పన్ కూర్చున్నట్టే గేటు వైపు మొహం పెట్టి కూర్చుంది. "పో, పోయి ఆ బయటి తలుపు మూసి రా."

బృంద వెళ్ళి మూసింది. ఆ ఇనప తలుపు మూసుకున్న చప్పుడు ఇక్కడికి దాదాపు వినబడనేలేదు. పట్టమ్మాళ్ చేతిలోని ఫోను ఒక్క క్షణం తడబడి రెండో పెట్టెకు మారింది.

ఆమె అడిగిన ప్రశ్న ఇంతకాలం తప్పు ప్రశ్న. ఫోను నాలుగో పెట్టెను ఎందుకు పట్టుకుందన్నది కాదు, రెండూ యాభైకి ఎందుకు వదిలిందన్నది అడగాలి.

*

"అక్కా, రిటైర్ అయినాక అందరూ కోవెలకి పోతారు. నువ్వు ఏంటికి గోడౌన్‌కి వస్తా ఉండావు?"

గోడౌన్ ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తే, ఇన్‌స్పెక్టర్ పాండియరాజన్ పన్నెండుకు పది నిమిషాలుండగా వచ్చాడు. ఒకప్పుడు పట్టమ్మాళ్ కింద పనిచేసిన కుర్రాడే. కేసు ఎలా రాయాలో ఆమె దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు ఆమెకే పాఠం చెప్పే హోదాకు వచ్చాడు. వెంట వచ్చిన కానిస్టేబుళ్ళకు తెలియకూడదని అతనూ తెలుగులోనే మొదలుపెట్టాడు.

"నువ్వు సరిగ్గా చూసి ఉంటే నాకి వచ్చే వేలై లే, పాండీ."

"నేను చూస్తిని. ఫోను నాలుగో గదిలో ఉండె. ఎక్స్‌పర్ట్ సంతకం పెట్టినాడు. రెండూ యాబైకి వాడు తలుపు మూసి బయటికి వచ్చినాడు, రెండూ యాబై రెండుకి ఆ బిడ్డ మొదటి కాల్ కొట్టింది. ఇంతకంటే నీకి ఏం కావాల?"

"మీ ఎక్స్‌పర్ట్ ఖాళీ గోడౌన్ మ్యాప్ చూసి సంతకం పెట్టినాడు. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు. ఒకసారైనా ఈడకి వచ్చి నిలబడినాడా? ఈ బెంచీ మీద కూసో."

"నేను కూసోను."

"సరే, నిలబడుకో. నీ ఫోను తియ్యి."

మనసులేకుండానే తీశాడు. నాలుగో గది తలుపు తెరిపించింది, చూపించింది. మూయించింది, చూపించింది. మూడుసార్లు. పాండియరాజన్ దవడ బిగిసింది కాని అంత సులువుగా లొంగే రకం కాదు.

"సరే. బెంచీ కాడ కూడా నాలుగో పెట్టె అందును. దానివల్ల వాడు గదిలో లేడు అని ఎట్లా? గదిలోనుంచి బెంచీకి నడిచి వచ్చినా నాలుగు పోయి రెండు వచ్చును కదా?"

"రాదు. బృందా, నడిచి చూపించు."

బృంద నాలుగో గది నుంచి గేటు దాకా మామూలు నడకన నడిచింది. తెరమీద అంకెలు మారాయి. నాలుగు. లారీల చోటు ముందుకు రాగానే మూడు. ఆ తరవాత రెండు.

"మూడో పెట్టె ముందర దాటకుండా ఎవురూ రాలేరు," అంది పట్టమ్మాళ్. "ఇరుళప్పన్ లాగ్ నీ ఫైల్లోనే ఉండాది. నాలుగు నుంచి నేరుగా రెండుకి, ఒక్క సెకనులో. మూడు లేనే లే. వాడు నడవలే పాండీ. వాడు కూసోనే ఉండాడు. కదిలింది తలుపు."

పాండియరాజన్ ఫైలు తెరిచి ఆ కాగితం వెతికాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. వెనక నిలబడ్డ కానిస్టేబులు ఒకడు తొంగి చూడబోతే మోచేత్తో తోశాడు. తలెత్తేసరికి మొహాన చిన్న నవ్వుంది.

"ఫోను బెంచీ మీద పెట్టి వాడు మాత్రం పోయి ఉంటే? ఫోనుదా కూసోనింది, వాడు కాదు. ఏం అక్కా?"

ఆ దెబ్బ బాగానే తగిలేది, పొద్దున పావుగంట జైల్లో గడపకపోయి ఉంటే. "రెండూ నలబై ఒకటి నుంచి యాబై ఎనిమిది దాకా ఆ ఫోనులో వాడు వాండ్ల అక్కతో మాట్లాడతా ఉండాడు. మాట నడువులో ఒకసారి తెగి మళ్ళా వచ్చింది. ఫోను ఒక పెట్టె విడిచి ఇంకో పెట్టె పట్టుకొనే చోట అట్లానే తెగును. ఆ అక్క మాట నమ్మొద్దు, సరే. కాల్ లాగ్ నమ్ము."

"అయితే ఎవురు మూసిరి?"

"అది నన్నా అడిగేది? మురుగేశన్ నీకి ఏం రాసి ఇచ్చినాడు?"

పాండియరాజన్‌కు కాగితం చూడాల్సిన పని లేకపోయింది. "రెండూ పదికి గది మూసి, రెండుంపావుకి గేటు దాటి ఇంటికి పోయినాడని."

"బృందా, ఆ దినం మురుగేశన్ ఫోను?"

బృంద ల్యాప్‌టాప్ మీద వేళ్ళు ఆడించింది. "రెండూ పన్నెండుకి నాలుగో పెట్టె మీద ఉండాది. ఆమీద లే. వైఫై ఆపేసి ఉండాడు. గేటు దాటేటప్పుడు ఒకటో పెట్టె పట్టుకోవాల. పట్టుకోలే. మామూలు దినాల్లో రోజూ పట్టుకొంటాది, ఆ దినం మాత్రం ఏంటికి ఆపె?"

రెండూ పదికి మూశానన్న తలుపు రెండూ యాభై దాకా తెరిచే ఉందంటే ఆ మనిషి అక్కడే ఉన్నాడు. రంగు గురించి అడగడానికి మునీశ్వరి అతని దగ్గరికే వెళ్ళింది. లోపలి మూటలు చూపించమని ఉంటాడు. నలభై అయిదు మీటర్ల అవతల మేనమామ ఆ పిల్ల గురించే మాట్లాడుతూ గేటు వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

"నెల నుంచి ఆ లాగ్ కాగితం నీ ఫైల్లోనే ఉండాది," అంది మెల్లగా. "చంకలో బిడ్డని పెట్టుకొని ఊరంతా వెతికితివి. ఇరుళప్పన్ పేరు తప్ప ఇంకో పేరు నువ్వు చూడనే లే. పట్టిన కుందేలికి మూడే కాళ్ళని కూసుంటివి."

పాండియరాజన్ ఎర్రబడ్డాడు. అంతవరకూ వినయం లేని అతని గొంతులో అప్పుడు కొంచెం తేడా వచ్చింది. "మురుగేశన్ ఈ పొద్దు లీవు. ఏదో గృహప్రవేశం అని కోవిల్‌పట్టి పోయినాడంట."

"కోవిల్‌పట్టికా?"

"మేడం." బృంద పిలిచిన తీరుకు ఇద్దరూ తిరిగారు. ఆమె నడవాలో నేలమీదే కూర్చుండిపోయింది, ఒళ్ళో ల్యాప్‌టాప్. "సిగ్నల్ తక్కువ ఉండే చోటు కొలిచి పంపించండి అని మురుగేశన్ ఫోనులో మా యాప్ వేసి ఇచ్చి ఉంటిని. ఒక్కసారైనా పంపించలే. కొలవనే లేదు అనుకొంటిని. అయితే కొలిచినదంతా తానుగా మా ఖాతాకి వచ్చి చేరును. అది ఆయనకి తెలియదు. ఇబ్బుడు చూస్తే ఈడ రెండు ఫైళ్ళు ఉండాయి."

మొదటిది తెరిచింది. నాలుగో గది పటం. మునీశ్వరి చనిపోవడానికి నాలుగు రోజుల ముందు, మంగళవారం, సాయంత్రం అయిదున్నరకు. చలిగది లోపల పంతొమ్మిది చుక్కలు, గోడ వెంట, మూల మూలకూ, ఉక్కు తలుపుకు ఆనుకుని కూడా. వైఫై ఒకసారి, మామూలు ఫోను సిగ్నల్ ఒకసారి. రెండూ తలుపు మూసి కొలిచినవే. పంతొమ్మిది చుక్కలూ ఎర్రగా ఉన్నాయి.

"చావడానికి చోటు చూసి పెట్టినాడు," అన్నాడు పాండియరాజన్. "కోపంలో చేసింది కాదు. కొలిచి చేసినాడు."

"రెండోది ఏ గది?" అంది పట్టమ్మాళ్.

"రెండోది ఈ గోడౌన్ కాదు మేడం."

తెరమీద వేరే భవనం. పొడుగాటి రేకుల షెడ్డు, దాని వెనక నలభై అడుగుల దూరంలో ఒంటరిగా ఒక రాతి గది. షెడ్డు పచ్చగా, పెరడు పసుపుగా, రాతి గది అంచునుంచి లోపలికంతా ఎరుపు. కింద చోటు పేరు దానంతటదే పడి ఉంది: కోవిల్‌పట్టి. తేదీ నిన్నటిది.

ఆ షెడ్డు పట్టమ్మాళ్‌కు తెలుసు. వారం కిందట గురువమ్మాళ్‌తో మాట్లాడటానికి అక్కడికే వెళ్ళింది. ఆ రాతి గదిలో అగ్గిపుల్లల కట్టలు నిలవ ఉంచుతారు.

ఒంటిగంటకు రెండు నిమిషాలు తక్కువ. పట్టమ్మాళ్ గురువమ్మాళ్ నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. అయిదోసారి మోగాక ఎవరో ఎత్తారు.

"అలో, ఎవురు? నేను గేటు కాడ పుష్పం. ఫోన్లన్నీ ఈడ పెట్టెలో ఉండాయి, లోపలికి తీసుకపోరాదు కదా."

"పుష్పం, నేను డిటెక్టివ్ పట్టమ్మాళ్. గురువమ్మాళ్ యాడ?"

"అక్క వెనక గోడౌన్‌లో ఉండాది. విరుదునగర్ నుంచి ఒక సారు వచ్చినాడు, మా ఓనరుకి చుట్టం. పుల్ల కట్టలు ఏరేది ఉండాది, నిదానమైన మనుసులు కావాల అని అక్కని పిలుచుకొని పోయె."

పాండియరాజన్ అప్పటికే రెండో ఫోనులో కోవిల్‌పట్టి స్టేషన్‌కు అరుస్తున్నాడు, ఫైరింజన్ అంటున్నాడు, తమిళంలో, తెలుగులో, ఏది నోటికొస్తే అది.

"ఆ సారు ఇబ్బుడు యాడ?"

"ఆయనా? బండి ఎక్కి పోయినాడు. ఇబ్బుడుదా, అయిదు నిమిషం ఉండును."

"ఒంటిగానా?"

"ఒంటిగానేదా."

"పుష్పం, సరిగ్గా విను. ఆ గోడౌన్‌కి పరిగెత్తు. తలుపు తెరువు. ఫోను చేతిలోనే పెట్టుకొని పరిగెత్తు."

"అక్కా, ఫోను లోపలికి తేరాదు, నన్ను వేలైలో నుంచి..."

"పరిగెత్తవే తల్లీ! నేను చూసుకొంటాను, పరిగెత్తు!"

స్పీకర్లో చెప్పుల చప్పుడు మొదలైంది. యంత్రాల మోత దగ్గరై మళ్ళీ దూరమైంది. నేలమీద కూర్చున్న బృంద పటం మీద వేలు పెట్టి, ఆ అడుగుల వెంటే జరుపుతోంది. షెడ్డు దాటింది. పచ్చ అయిపోయింది.

"పెరట్లోకి వచ్చేస్తిని," అని రొప్పింది పుష్పం. గొంతు గరగరలాడుతోంది. "తలుపు మూసి ఉండాది... బయట గొళ్ళెం పెట్టి ఉండాది... అక్కా, లోపలనుంచి ఎవురో తడతా ఉండారు... కింద సందులోనుంచి పొ..."

"ఏంటి? సందులోనుంచి ఏంటి? పుష్పం!"

జవాబు రాలేదు. కాల్ తెగిపోయిందని తెరమీద పడింది. పట్టమ్మాళ్ మళ్ళీ నొక్కింది, మళ్ళీ నొక్కింది. ఆ నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదని ఒక ఆడగొంతు తమిళంలో మర్యాదగా చెబుతూనే ఉంది. బృంద వేలు పటంలో ఎరుపు మొదలయ్యే గీత మీద ఆగి ఉంది.